సీసా మీద గీత

పెద్ద సిస్టర్ ఎవరినీ నమ్మదు. ఇది ఆమె మీద చాడీ కాదు, ఆమే గొప్పగా చెప్పుకునే మాట. ఆపరేషన్లు అయినవాళ్లు పడుకునే ఆ పన్నెండు మంచాల వార్డులో పొద్దున డ్యూటీ ఎక్కగానే అందరినీ వరసగా నిలబెట్టి, "చేతులు చూపించండి" అంటుంది. గోళ్లు చూస్తుంది, వేళ్ల సందులు చూస్తుంది, ఉంగరం కనబడితే అక్కడికక్కడే తీయిస్తుంది. చాటుగా అందరూ ఆమెను డేగ సిస్టర్ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోతుంది కూడా.

అలాంటి వార్డులో నెల తిరక్కుండా నలుగురికి కుట్ల దగ్గర చీము పట్టింది.

అందులో ఐదో మంచం టైలరుది మరీ అన్యాయం. నాలుగు రోజుల్లో ఇంటికి పోవాల్సిన మనిషి, మూడు వారాలుగా ఆ మంచానికే అంటుకుపోయాడు. వచ్చిన కొత్తలో, "ఇంత ఎడమెడంగా కుట్లు నా దుకాణంలో వేస్తే గిరాకీలు తన్ని తగలేస్తారు" అని డాక్టరు పనికి వంకలు పెడుతూ వార్డంతా నవ్వించేవాడు. చీము పట్టాక ఆ నోరు పడిపోయింది. ఆపరేషన్ అయిన రెండో రోజే ఎవరికీ చెప్పకుండా వెళ్లి స్నానం చేసొచ్చాడట. దానివల్లే ఇదంతా అని భార్య రోజూ సాయంత్రం వచ్చి దులిపేసేది. ఆయన తలొంచుకుని పడేవాడు.

పెద్ద సిస్టర్ ఆ స్నానం మాట కొట్టిపారేసింది. మిగతా ముగ్గురూ మంచం దిగనేలేదు కదా. ఇది ఎవరో చేతులు సరిగ్గా కడుక్కోకపోవడం వల్లే అని తేల్చేసింది. ఆ ఎవరో ఎవరన్నది కూడా తేల్చేసింది. కట్ల మావయ్య.

కట్ల మావయ్య ఆ వార్డులో ఇరవై ఏళ్లుగా కట్లు మార్చే మనిషి. ఆయన కట్టు విప్పితే నొప్పి తెలియదని పేరు. పడుకున్నవాళ్లు పెద్దా చిన్నా అందరూ మావయ్యా అనే పిలుస్తారు. ఆ పిలుపు వింటేనే సిస్టర్‌కు ఒళ్లు మండేది. అందరూ ఇంతగా మెచ్చుకునే మనిషిలో ఏదో ఒక లొసుగు ఉండే ఉంటుందని ఆమెకు గట్టి నమ్మకం.

ఆ లొసుగు దొరికింది కూడా. కట్లు మొదలుపెట్టే ముందు మావయ్య వెనక తలుపు తీసుకుని ఎటో వెళ్తాడు, పది నిమిషాలకు వస్తాడు. మధ్యమధ్యలోనూ మాయమవుతాడు. వార్డు గుమ్మం పక్కనే కొళాయి ఉంది, దాని పక్కన సబ్బు సీసా ఉంది. దాని వంక కన్నెత్తి చూడడు.

సిస్టర్ ఒక ఉపాయం పన్నింది. ఓ పొద్దున సబ్బు ఎంతవరకు ఉందో చూసి, సీసా మీద నీలం సిరాతో గీత గీసింది. మావయ్య కట్లు మార్చినంతసేపూ ఇంకెవరూ సీసా ముట్టకుండా తనే కాపలా కాసింది. పన్నెండు కట్లూ అయ్యాయి. సబ్బు గీత నుంచి వెంట్రుకవాసి దిగలేదు.

"ఏమయ్యా, ఆ సీసా నిన్ను కరుస్తుందా?" అని నిలదీసింది.

"అది కాదమ్మా. ఆ సబ్బు ఒకలాంటి వాసనొస్తోంది. మీకు ఇదివరకోసారి చెప్పాను."

"వాసన సబ్బుకా, నీ సాకుకా?"

"నేను వెనకాల కడుక్కునే వస్తున్నానమ్మా."

"ఎవరు చూశారు?"

ఎవరూ చూడలేదు. పోనీ తను వెళ్లి చూడొచ్చుగా! నాలుగడుగులు వేసి వెనక తలుపు తీసి ఉంటే ఆ రోజే అంతా తెలిసిపోయేది. కానీ ఆమెకు చూడాలని లేదు, పట్టుకోవాలని ఉంది.

ఇంతకీ ఆ సబ్బు సీసా అంటే సిస్టర్‌కు ప్రాణం. పక్క వార్డుల్లో సబ్బు అయిపోయి రెండేసి రోజులు వట్టి నీళ్లతో చేతులు కడుక్కుంటారు. ఇక్కడ ఆ ముచ్చటే లేదు. రోజూ అందరికంటే ముందొచ్చి, పెద్ద డబ్బాలోంచి తన చేత్తో సీసా నింపేది. చిక్కగా ఉంటే పంపు సరిగ్గా నొక్కుడు పడదని కాసిని నీళ్లు కూడా కలిపేది. గీత గీసినప్పటి నుంచి సరిగ్గా ఆ గీత దాకా నింపడం మొదలుపెట్టింది. మావయ్య మీద నిఘా కూడా పెరిగింది. ఆయన కట్టు మార్చి అటు తిరగ్గానే, తను వెళ్లి ఆ సబ్బుతో నిమిషం పాటు చేతులు తోముకుని వచ్చి, వేళ్లతో కట్టు అంచులు ఎత్తి లోపలికి తొంగి చూసేది. అది మొదట్నుంచీ ఉన్న అలవాటే, ఇప్పుడు ముదిరింది.

అంతలో సిస్టర్ చెల్లెలి ఆపరేషన్ వచ్చిపడింది. పిత్తాశయంలో రాళ్లు, ఇక ఆగడానికి లేదన్నారు. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. వేరే ఆసుపత్రికి పోదామంటే వినలేదు.

"నువ్వుండగా నాకు భయమేంటక్కా! నీ వార్డులోకి రావాలంటే పురుగులకు కూడా దడే" అని నవ్వింది.

చెల్లెలిని ఎనిమిదో మంచం మీద పడుకోబెట్టిన రోజే సిస్టర్ మావయ్యను పక్కకు పిలిచింది.

"ఎనిమిదో మంచం దరిదాపులకు రావద్దు. దాని కట్టు నేనే మారుస్తాను."

మావయ్య ఆమె ముఖంలోకి ఒకసారి చూశాడు. "సరేనమ్మా" అని బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు.

సిస్టర్ అన్నంత పనీ చేసింది. కట్టు మార్చే ముందు ఒకటికి మూడుసార్లు గీత ఉన్న సీసాలోంచి సబ్బు తీసుకుని, మోచేతుల దాకా రుద్దుకుంది. ఇంకెవరినీ మంచం అంచు కూడా తాకనివ్వలేదు. నాలుగో రోజు పొద్దున చెల్లెలికి ఒళ్లు కాలిపోయింది. కట్టు విప్పితే కుట్ల చుట్టూ ఎర్రగా ఉబ్బి, ఒక కొసన చీము కారుతోంది.

సిస్టర్‌కు కోపం నషాళానికి అంటింది. వార్డు మధ్యలో, అందరూ చూస్తుండగా మావయ్యకు అడ్డంగా నిలబడింది.

"నేను లేనప్పుడు దీని కట్టు ముట్టుకున్నావు కదూ? నిజం చెప్పు!"

జవాబు ఎనిమిదో మంచం మీంచి వచ్చింది.

"అక్కా, నన్ను నువ్వు తప్ప ఎవరూ ముట్టుకోలేదు. మావయ్య నన్ను పలకరించడం కూడా మానేశాడు."

అయినా సిస్టర్ ఒప్పుకోలేదు. జ్వరంలో పిల్లకేం గుర్తుంటుందిలే అని సర్దుకుంది. ల్యాబ్ అమ్మాయిని పిలిపించి, "అందరి చేతుల నుంచీ నమూనాలు తియ్యి. కడుక్కుని రాగానే తియ్యి. ముందు అతనివి" అంది. చివర్లో తన చేతులూ చాపింది. "నావి కూడా తీసుకో. శుభ్రమైన చెయ్యి ఎలా ఉంటుందో పక్కన పెట్టి చూపించడానికి పనికొస్తుంది."

ఆ రెండు రోజులూ ఆమె కాలు నిలవలేదు. సూపరింటెండెంటుకు మావయ్య మీద రాయాల్సిన ఉత్తరం మనసులో పది రకాలుగా రాసుకుంది. మూడో రోజు ల్యాబ్ అమ్మాయి గుండ్రటి చిన్న గాజు పళ్లేలు తెచ్చి బల్ల మీద పెట్టింది. వాటిలో ఒక్క పళ్లెం తేటగా ఉంది. కొన్నింటిలో అక్కడక్కడా ఎర్రటి చుక్కలు, పెరిగిన క్రిములు. ఒకదాని నిండా అవే.

"దొరికాడు" అంది సిస్టర్, నిండా చుక్కలున్న పళ్లెం అందుకుంటూ.

"సిస్టర్, అది మీది. తేటగా ఉన్నది మావయ్యది."

"పేర్లు తారుమారు చేసుంటావు."

"నేనూ అలాగే అనుకుని మళ్లీ చూశాను. టైలరు గారి చీములో ఉన్నది ఇదే. మీ చెల్లెలిగారి దాంట్లోనూ ఇదే." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "మీరు దేంతో కడుక్కున్నారు సిస్టర్?"

ఇద్దరూ కొళాయి దగ్గరికి నడిచారు. సబ్బు సరిగ్గా నీలం గీత దాకా ఉంది.

"ఈ సీసా ఆఖరిసారి ఎప్పుడు ఖాళీ అయింది?"

"ఖాళీ అవనిస్తేగా..." పదేళ్లుగా గొప్పగా చెప్పుకున్న మాట, అలవాటు కొద్దీ నోటికొచ్చి సగంలోనే ఆగిపోయింది.

మూత విప్పి కొళాయి కింది తొట్టిలోకి వంచింది. పైన సబ్బు జారిపోయింది. అడుగున జిగటగా, బూడిద రంగు పొర ఒకటి కదల్లేదు. చెడు వాసన గుప్పుమంది. పాత సబ్బు మీద కొత్త సబ్బు, దాని మీద నీళ్లు, రోజూ తన చేత్తోనే. అది ముట్టుకున్న వేళ్లతోనే అందరి కట్లూ ఎత్తి చూసింది. మావయ్యను అనుమానించిన కొద్దీ ఎక్కువ కట్లు ఎత్తింది. సిస్టర్ సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమెకు తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

అప్పుడు తెరిచింది వెనక తలుపు. దుప్పట్లు ఉతికే చోట ఒక కొళాయి. కిటికీ గట్టు మీద, చిల్లులున్న డబ్బాలో ఆరబెట్టిన సబ్బు బిళ్ల. మావయ్య అక్కడ మోచేతులు రుద్దుకుంటూ, పెదాలు కదుపుతూ అంకెలు లెక్కపెట్టుకుంటున్నాడు. ఆమెను చూసినా లెక్క ఆపలేదు. ముప్ఫై దాకా వచ్చాకే తలెత్తాడు.

"గట్టిగా చెప్పొచ్చుగా నాకు" అంది.

"ఒకసారి చెప్పానమ్మా. మళ్లీ చెబితే పని ఎగ్గొట్టడానికి అంటారని ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది."

ఆ పూటే సిస్టర్ ఆసుపత్రంతా తిరిగి సీసాలన్నీ పీకించింది. నింపుకునే సీసాలు ఇక వద్దు, మూసి వచ్చేవి వాడి అయిపోగానే పారేయాలి అని రాసి, కింద జరిగిందంతా రాసి, కారణం అన్న చోట తన పేరు రాసి సంతకం పెట్టింది. చెల్లెలి కట్టు మావయ్య మార్చాడు. సిస్టర్ చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడింది. జ్వరం తగ్గుముఖం పట్టిందని డాక్టరు చెప్పినప్పుడు గోడవైపు తిరిగి ఏడ్చింది.

"నేను తిట్టనులే అక్కా" అంది చెల్లెలు. "కానీ ఐదో మంచం ఆయనకు ఎవరు చెబుతారు?"

సిస్టర్ ఐదో మంచం దగ్గరికి వెళ్లింది. టైలరు అలవాటుగా కట్టున్న పక్కను ఆమె వైపు తిప్పాడు, ఎత్తి చూస్తుందేమోనని.

"చూడ్డానికి కాదు" అంది. "మీ కుట్లు చెడింది స్నానం వల్ల కాదు. నా చేతుల వల్ల." సీసా సంగతంతా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు.

ఆయన కోప్పడతాడని ఆమె కాచుకుంది. కోప్పడితే బాగుండునని కూడా అనిపించింది.

"అయితే నా తప్పు కాదన్నమాట" అన్నాడాయన. కళ్లు తుడుచుకుని ఆమె వంక తిరిగాడు. "సాయంత్రం మా ఆవిడ వస్తుంది. నేను చెబితే నమ్మదు. ఆ మాట నువ్వే చెప్పు సిస్టరమ్మా."

ఆ రోజు డ్యూటీ దిగాక కూడా పెద్ద సిస్టర్ ఇంటికి పోలేదు. ఐదో మంచం పక్కన స్టూలు వేసుకుని, గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది.