బొగ్గుల మీద డప్పు

నేను డప్పు కొడితే మా ఊళ్ళో వాన ఆగి, నిలబడి విని, మళ్ళీ కురిసేది. నమ్మకపోతే మా ఇంటామె చంద్రమ్మను అడగండి. కాదంటుంది, ఆమె ఎప్పుడూ అంతే.

ఆ డప్పు ఇప్పుడు నా మనవరాలు మమతది. గోపన్‌పల్లిలో మా దగ్గరే ఉండి ఉద్యోగం చేసుకుంటూ, ఈ మధ్యే జయంతిగారి బ్యాండులో చేరింది. ఆ ఆదివారం సాయంత్రం గచ్చిబౌలిలో ఒక కేఫ్‌లో దాని మొదటి కచేరీ. వానలో ఆటో ఎక్కాం. దారిలో అంది:

"తాతా, ఇదే మొదలు, ఇదే ఆఖరు. అమ్మ చూసిన సంబంధానికి సరే అని చెప్త."

దాని మనసు ఆడపిల్లల మీదకే పోతుందని ఇంట్లో నాకొక్కడికే చెప్పింది.

"పులికి జడవని చంద్రమ్మ మనవరాలివి, పెండ్లికొడుక్కి జడిసినవా?"

"నవ్వకు తాతా. మా అసొంటోళ్ళు ముసలోళ్ళయినంక ఎట్లుంటరో ఒక్కర్ని గూడ చూడలే. ముంగట ఏం కనవడకుంటే ఎట్ల నడుస్త?"

వంద కథలు చెప్పే నేను, దాని ఒళ్ళో తడుస్తున్న డప్పు మీద కండువా కప్పాను.

కేఫ్‌కు చేరేసరికి డప్పు తోలు తడిసి మెత్తబడింది. కాపితే గాని మోగదు. లోపల నిప్పు పెట్టనివ్వరు. ఎదురుగా మొక్కజొన్న కంకులు కాల్చే బండి కనబడింది. బండివాణ్ణి బతిమాలి, బొగ్గుల మీద డప్పు తిప్పడం మొదలుపెట్టాం. గొడుగు పట్టడానికి జయంతిగారు వచ్చారు. నెరిసిన క్రాపు, భుజాన గిటారు. బ్యాండులో పిల్లలంతా ఆమెను అమ్మా అనే పిలుస్తారు. వెనకాలే చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకొని, జయంతిగారిని గదమాయిస్తూ ఇంకో పెద్దావిడ.

"మోకాలి పట్టీ వేసుకోకుండా మెట్లు దిగావా?"

"వేసుకున్నానే పుణ్యవతీ!"

"కుడికాలికి! నొప్పి ఎడమకాలిది కదే!"

"ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారైనా మెచ్చుకున్నావా?"

"మెచ్చుకోవడానికి నీ పాటుందిగా. కాపురానికి తిట్లే."

మమత చెయ్యి ఆగిపోయింది. "అమ్మా... మీ ఇద్దరు...?"

పుణ్యవతి నావైపు తిరిగింది. "మొన్నటిదాకా నా ఉద్యోగం కాకినాడలో, ఈవిడ ఇక్కడ. రిటైరై వచ్చేశానండి. ఒకే మంచం, రెండు దుప్పట్లు. తెల్లారేసరికి రెండూ ఈవిడ మీదే!"

"చెల్లెమ్మా, మా చంద్రమ్మ గూడ గంతే," అన్నాను.

మమత వాళ్ళిద్దరినీ చూస్తూనే ఉంది, ఎన్నాళ్ళనుంచో వెతుకుతున్న ఊరు మలుపు తిరగగానే కనబడ్డట్టు.

"డప్పు మాడుతదే పిల్లా!"

ఉలిక్కిపడి తీసి, ఒక్క దెబ్బ వేసింది. ఖణేల్‌మంది.

"తాతా, కచేరీ అయినంక మా అమ్మకు ఫోన్ చేస్త."

"ఏమని?"

"సంబంధం వద్దని. నాకు గూడ గిట్ల తిట్టేటామె గావాలని."

ఆ సాయంత్రం జయంతిగారు పాడుతుంటే కుర్చీల్లో పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని విన్నారు. మధ్యలో మమత డప్పు అందుకుంది. అబద్ధమెందుకు, బయట వాన ఆగింది. సిటీ బస్సులు బారులు తీరి విన్నాయి. ముందు వరుసలో పుణ్యవతి ఒక్కతే వినడం లేదు. ఆవిడ చూపంతా జయంతిగారి ఎడమ మోకాలి మీదే ఉంది.