కదలని తెర

పేర్లను వరసగా తనంతట తానే మార్చుకుపోయేలా కంప్యూటరులో రాసుకున్న మ్యాక్రోను నూరుద్దీన్ మొదటి పది పేర్ల మీద ఆరోసారి నడిపి చూసుకున్నాడు. ‘ఎల్లయ్య చింతల’ కాస్తా ‘చింతల ఎల్లయ్య’ అయింది. ఇలా ఇంటిపేరు ముందుకు రావలసినవి ఇంకా ఆరువేల పైచిలుకు ఉన్నాయి. నాలుగింటికి జాబితా తీసుకుపోవడానికి హాలియా నుంచి జీపు వచ్చేసరికి ఓటర్ల జాబితా తయారుగా లేకపోతే రేపటినుంచి రానక్కరలేదని ప్రెస్సు యజమాని ఐలేశం పొద్దున్నే చెప్పేశాడు.

మారే ప్రతి పేరునూ తెర మీద చూపిస్తూ పోతే చీకటి పడుతుంది. తెర మీద చూపడం ఆపి నడిపితే రెండు గంటల్లో అయిపోతుంది. కానీ అంతసేపూ లోపల ఏం జరుగుతోందో తెలియదు. నూరుద్దీన్‌కు అదే దిగులు. ఇరవై ఆరేళ్లు నల్లగొండ గడియార స్తంభం దగ్గర టైపు మిషను కొట్టిన మనిషి. పడిన అక్షరం కాగితం మీద కనబడేది. యాభై దాటాక, కొలువు నిలుపుకోవడానికి కంప్యూటరు నేర్చుకున్నాడు.

పోయిన నెల తెర కదలడం లేదని ఐలేశమే స్విచ్చి ఆపేశాడు. రెండు రోజుల పని గంగలో కలిసింది. తిట్లు మాత్రం నూరుద్దీన్ తిన్నాడు.

“సేటూ, తెర ఆపుతున్న. కదలకున్నా లోపల పని నడుస్తనే ఉంటది. జర ముట్టకుండ్రి.”

“ముట్టను తియ్. నాలుగింటికైతే కావాలె.”

నూరుద్దీన్ మీట నొక్కాడు. తెర నిలిచిపోయింది. అప్పుడు పట్టుకుంది కొత్త భయం. ఇంటిపేరు లేని పేర్ల సంగతేమిటి? అజీజా బేగంను బేగం అజీజా చేసేస్తుందేమో. అలాంటివి వదిలేయమని మ్యాక్రోలో రాశాడు. రాశానన్న నమ్మకమే చిక్కడం లేదు. అరచేతులు చెమట పట్టాయి. ఎడమ చెయ్యి లాగుతోంది. కంప్యూటరు పెట్టె మీద చెవి ఆనిస్తే లోపల గరగర వినబడింది. కాస్త నిమ్మళించి వెనక్కి వాలాడు.

మూడింటికి ప్రూఫులు దిద్దే గోపమ్మ చాయ్ తెచ్చింది.

“సేటూ, నూరుద్దీనన్న పలుకుతలేడు.”

“పని నడుస్తుంది గదా. కదిలియ్యకు.”

ఆమె చాయ్ మీద సాసరు మూసి వచ్చేసింది.

మూడూ నలభైకి తెర కదిలింది. పేర్లన్నీ సరిగ్గా ఉన్నాయి, అజీజా బేగం అజీజా బేగంగానే ఉంది. ఏదైనా మీట నొక్కమని తెర అడుగుతోంది. ఎంతకీ నొక్కకపోయేసరికి ఐలేశం వచ్చి భుజం తట్టాడు. నూరుద్దీన్ తల పక్కకు ఒరిగింది. చెయ్యి అప్పటికే చల్లబడింది.

“నేనన్నా ముట్టి చూసేదుండె,” అని గోపమ్మ ఏడ్చింది. ఐలేశం ఆమె వైపు చూడలేకపోయాడు.

నాలుగింటికి వచ్చిన జీపు ముందుగా ఆయనను ఎక్కించుకుని దవాఖానకు పోయింది. కంప్యూటరుకు దుమ్ము పడకూడదని అందరూ చెప్పులు విడిచే గడప బయట ఆయన తోలు చెప్పులు ఉండిపోయాయి, ఎడమదాని తెగిన పట్టెకు పిన్నీసు పెట్టి ఉంది.