పెద్దింట్లమ్మ చెప్పిన మూడు బొమ్మలు

ఆ ఏడు మరిడమ్మ జాతరకు పెద్దాపురంలో బయస్కోపు డేరా వేశారు. యజమాని తాతాజీ మద్రాసులో యంత్రం కొని, దానితోపాటు తెరమీద ఆడే, మాటల్లేని మూడు సీమ బొమ్మలు తెచ్చాడు. ఒకదానిలో పోలీసు దొంగను తరుముతాడు. ఒకదానిలో దయ్యం తిరుగుతుంది. మూడోదానిలో జబ్బు చేసిన కూతురి పక్కన తల్లి ఏడుస్తుంది, చివరికి ఆ పిల్ల చనిపోతుంది.

చేపలమ్మే పెద్దింట్లమ్మ మొదటి ఆటకే వెళ్ళి మూడూ చూసింది. మర్నాడు బజారులో తట్ట దించగానే, రోజూ బేరానికొచ్చే సుబ్బాయమ్మగారు అడిగింది.

"ఎలా ఉన్నాయే? చూడదగ్గవేనా?"

"దొంగోడిది తప్పకుండా చూడాలండి. ఆడు గోడ దూకాడా, ఎనకాలే పోలీసోడూ దూకాడండి. దూకితే పంచె మేకుకి తగులుకుని ఊడిపోయిందండి!"

"దొరల పోలీసుకి పంచేంటే?"

"నాకలాగే కనపడిందండి. దయ్యానిది మాత్రం గుండె గట్టిగా ఉన్నోళ్ళే చూడాలి. బండి తోలే సత్తియ్య లేడూ, అంత మీసమున్నోడూ నా ఖాళీ తట్ట లాక్కుని నెత్తిన బోర్లించుకున్నాడండి."

"మరి మూడోది?"

పెద్దింట్లమ్మ తట్టలో చేపలు సర్దింది. "ఆ పిల్లకి జొరం తగ్గిపోయిందండి. లేచి గంజి అడిగింది."

ఆమె చుట్టూ జనం మూగారు. నాలుగు రోజులు ఆమె చెప్పడం, వాళ్ళు వినడం. డేరా ఖాళీ అయిపోయింది. సంగతి తెలిసి తాతాజీ కోపంగా బజారుకు వచ్చాడు. వచ్చినవాడు దొంగ గోడ దూకే చోట నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

"చూడమ్మా, నువ్వు చెప్పేదేదో మా డేరాలో తెరగుడ్డ పక్కన నిలబడి చెప్పరాదూ?" అన్నాడు చివరికి.

"ఆయ్, అలాగే బాబుగారూ."

ఆ సాయంత్రం డేరా కిక్కిరిసింది. దొంగకు నవ్వులు, దయ్యానికి కేకలు. మూడో బొమ్మలో తల్లి పిల్ల మొహం మీద గుడ్డ కప్పింది.

"పిల్ల నిద్దరోతోందండి. ఈగలు వాలకుండా కప్పింది," అంది పెద్దింట్లమ్మ.

నలుగురు మనుషులు పొడవాటి పెట్టె మోసుకెళ్తున్నారు.

"ఆ పెట్టేంటి?" అన్నారెవరో.

"బట్టల పెట్టేనండి. అమ్మమ్మగారి ఊరెళ్తన్నారు."

యంత్రం తిప్పుతున్న తాతాజీ ఉండబట్టలేకపోయాడు. "కాదండీ, పిల్ల చచ్చిపోయింది!"

డేరా అంతా ఆయన మీదికి లేచింది.

"నోరు ముయ్యవయ్యా! శుభమా అని ఊరెళ్తుంటే ఆ మాటలేంటి?"

ఆట అయ్యాక తాతాజీ ఆమెను నిలదీశాడు. "ఎందుకమ్మా అలా చెప్పావు?"

"మా పాపాయి అలాగే జొరంతో పోయింది బాబుగారూ. ఇంకో తల్లికి కూడా అలాగే అయిందని నా నోటితో చెప్పలేనండి."

తాతాజీ ఆమెను రేపు పెందరాళే రమ్మన్నాడు.

జాతర ఉన్నన్నాళ్ళూ ఆమే చెప్పింది. ఆడవాళ్ళు ఆట అయ్యాక కూడా కదిలేవారు కాదు. అమ్మమ్మగారింట్లో ఏమైందో చెప్పమనేవారు. ఆమె రోజుకింత కలిపి చెప్పేది. జాతర ముగిసేసరికి ఆ దొరల పిల్లకు కాకినాడలో మంచి సంబంధం కుదిరింది.