మగ్గం నొప్పి

“చెయ్యి ఇట్లియ్యి ఆదెప్పా. నొప్పిసూది ఏస్తా. మధ్యాన్నానికి మళ్లీ మగ్గం గుంతలో దిగుతావు,” అన్నాడు కాంపౌండరు బయ్యన్న, సూది పైకెత్తి బుడగలు తీస్తూ.

ఆస్పత్రి బల్ల మీద కూర్చున్న ఆదెప్ప చెయ్యి చాపబోయాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. నలభై ఏళ్లుగా గుంతమగ్గం మీద పట్టుచీరలు నేస్తున్న మనిషి. కుడిచేత్తో తాడు లాగాలి, ఎడమచేత్తో నేత బిగిసేలా పలక కొట్టాలి. ఎడమ రెక్క లాగిందని నేతగాళ్ల ఇళ్లలో ఎవరూ భయపడరు. దానికి మగ్గం నొప్పి అని పేరుంది. ఆముదం రాసి కాపడం పెడతారు.

అతని భార్య రామసుబ్బమ్మ ఆ చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

“నిలబడు బయ్యన్నా. ఆ గోడమీద వేరే రాసుండాది.”

కొత్త డాక్టరమ్మ పోయిన నెల అంటించిన కాగితం అది. టీకాల కాగితం అప్పుడే దాన్ని సగం కప్పేసింది. రామసుబ్బమ్మ బడికి పోలేదు. బస్సుల బోర్డులు, పొట్లాల కాగితాలు చూసి అక్షరాలు కూడబలుక్కుంది. పై కాగితం ఎత్తిపట్టి వేలు పెట్టి చదివింది.

“ఛాతీ నొప్పి... ఎడమ చెయ్యి లాగడం... చెమటలు. నడి...పించరాదు. పది నిమిషాల్లో ఈసీజీ.”

“అది గుండెజబ్బోళ్లకు అక్కా! మీ ఆయనది మగ్గం నొప్పి. డాక్టరమ్మ మీటింగుకు పోయింది. ఈ చదువుకున్నోళ్లతో కష్టమప్పా!”

“మగ్గం నొప్పికి ఇంత చెమట పడతాదా?”

“ఊరుకోమ్మే,” ఆదెప్ప విసుక్కున్నాడు. “ఇంకా మూరెడు నేస్తే చీర దిగుతాది. షావుకారి ఆటో బయటే ఉండాది. చీర చెప్పినోళ్లకు రేపే పెండ్లి ముహూర్తం.”

తొమ్మిదేళ్ల కిందట ఆమె తమ్ముడు ముత్యాలప్ప కూడా భుజం పట్టుకునే వచ్చాడు. ఆమే ఆముదం రాసి, వాళ్లూరికి పోయే తనకల్లు బస్సు ఎక్కించింది. “పోయొస్తా అక్కా” అని కిటికీలోంచి కుడిచెయ్యి ఊపాడు. ఎడమచెయ్యి ఒళ్లోనే ఉంది. బస్సు దారిలో కదిరి చేరకముందే ప్రాణం పోయింది.

గడప దగ్గర నర్సు జ్యోతి నిలబడి ఉంది. రామసుబ్బమ్మ ఆమె వైపు తిరిగింది.

“పాపా, ఆ మిషను నీకొస్తాదా?”

“ట్రైనింగు ఇచ్చినారవ్వా. కానీ డాక్టరమ్మ లేకుండా...”

“డాక్టరమ్మ ఉంటేనే తీయాలని రాసుండాదా? నాకు చదవను రాలేదేమో. నువ్వు చదువు.”

జ్యోతి చదివింది. ఆ మాట ఎక్కడా లేదు. ఆమె వెళ్లి ఈసీజీ మిషను మీది గుడ్డ తీసింది.

బయటికొచ్చిన చీటీని గోడమీది కాగితంలో ఉన్న గుండెపోటు గీత బొమ్మ పక్కన పెట్టి చూసుకుంది. రెండు గీతలూ ఒకే తీరుగా పైకి లేచి ఉన్నాయి. ఆస్పిరిన్ మాత్ర ఆదెప్ప నోట్లో పెట్టి, “మింగొద్దు తాతా, నమలు,” అంది. బయ్యన్న వైపు చూడకుండానే, “108కు ఫోను చేయన్నా.”

బయ్యన్న సూదిని ట్రేలో పెట్టేశాడు. ఫోను చేసి వచ్చి, “నలభై నిమిషాలంట. ఆటో ఉండాది గదా...” అన్నాడు.

ఆ మాటకే ఆదెప్ప లేవబోయాడు. “అంతలోపల మగ్గం కాడికి పోయొస్తా.”

రామసుబ్బమ్మ అతని గుండె మీద కాదు, మోకాళ్ల మీద రెండు చేతులూ వేసి అదిమింది. “ఆ మాట నా ముందర అనొద్దు. నేను పంపను. షావుకారినే వచ్చి గుంతలో దిగమను.”

ఆదెప్ప వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. బల్ల చివర పాదాలు మాత్రం ఒకటి తర్వాత ఒకటి నెమ్మదిగా అదుముతున్నాయి, మగ్గం కింది కర్రలు తొక్కుతున్నట్టు. నిద్రలో అలా తొక్కుతాడని నలభై ఏళ్లుగా తిడుతూనే ఉంది. ఈ రోజు ఆపమనలేదు. రోడ్డు వైపు చెవి పెట్టి, ఆ పాదాల వంకే చూస్తూ కూర్చుంది.