గోడలో పల్లం

ఆ మెకానిక్ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఏ పని చెప్పినా ముందు "ఎందుకు?" అని అడిగేవాడు కాబట్టి తోటి పనివాళ్లు అతనికి ఎందుకయ్య అని పేరు పెట్టారు. దాంతో ఒక చిక్కు వచ్చిపడింది. "ఎందుకయ్యా!" అని ఎవరైనా కేకేస్తే అది పిలుపో ప్రశ్నో తెలిసేది కాదు. అతను మాత్రం రెండింటికీ పలికేవాడు.

ఆ రోజు పొద్దున్నే అతను వెళ్లింది ఒక రిటైరైన నర్సు ఇంటికి. పన్నెండేళ్ల క్రితం ఆవిడ ఆ ఇల్లు కొన్నప్పుడే పడగ్గదిలో ఏసీ ఉంది. ఇన్నాళ్లూ పనిచేసి, పోయిన వారం దాని కంప్రెసర్ కాస్తా మాడిపోయింది. అల్లుడు కొత్తది కొనుక్కొచ్చి, అట్టపెట్టె విప్పుకుని కూర్చున్నాడు.

"పాతది పీకెయ్, కొత్తది తగిలించెయ్. గంట పని," అన్నాడు అల్లుడు.

ఎందుకయ్య పాత మెషీన్లో మిగిలిన గ్యాసును సిలిండర్లోకి తోడేసి, దాన్ని ఊడదీసి కింద పెట్టాడు. గోడలోంచి బయటికి వచ్చిన రాగి గొట్టం మూతిలో తెల్లగుడ్డ దూర్చి తీశాడు. గుడ్డ తారు పూసినట్టు వచ్చింది. గదంతా మాడు కంపు కొట్టింది.

"కంప్రెసర్‌తోపాటు దాన్లో నూనె కూడా మాడింది సార్. అదంతా ఈ గొట్టాల్లోనే ఉంది. కడక్కుండా తగిలిస్తే ఈ మురికంతా కొత్తదాని కడుపులోకి పోతుంది. నాలుగు నెలలకి అదీ మూలపడుతుంది."

"గొట్టాలే మార్చేస్తే?"

"మార్చొచ్చు. గోడ పగలగొట్టాలి."

"గోడ జోలికి మాత్రం వెళ్లొద్దు," అంది నర్సమ్మ గుమ్మంలోంచి. "రంగులు వేయించి నెల కూడా కాలేదు. కడుగు నాయనా, ఎంతసేపైనా ఫర్వాలేదు."

ఎందుకయ్య గొట్టం ఒక కొసలో మురికి కడిగే మందు లీటరు పోసి, వెనక నుంచి నైట్రోజన్ గ్యాసు వదిలాడు. పెరట్లో రెండో కొస దగ్గర సీసా పెట్టాడు. బుసబుసమంటూ నల్లటి ద్రవం వచ్చిపడింది.

నర్సమ్మ సీసా ఎత్తి వెలుగులో పెట్టి చూసింది. ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో సీసాలు చూసిన కళ్లు ఆవిడవి.

"లీటరు పోశావు. ముప్పావు కూడా రాలేదు. మిగతాది ఏమైనట్టు?"

ఎందుకయ్య మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ల పనిలో ఇంటివాళ్లు అతన్ని "ఎంతసేపు?" అనే అడిగారు గానీ, ఇలాంటి ప్రశ్న ఒక్కరూ వేయలేదు.

"నేనూ అదే అనుకుంటున్నానమ్మా. ఇలా అడుగుతుంటాననే నన్నంతా ఎందుకయ్య అంటారు. ఎక్కడైనా కారుతోందేమో చూద్దాం."

రెండు కొసలూ బిగించి గ్యాసు నింపాడు. మీటరు ముల్లు పావుగంటైనా కదల్లేదు.

"కారడం లేదు. అంటే లోపలే ఎక్కడో నిలబడింది. గొట్టం తిన్నగా ఉంటే ఎందుకు నిలబడుతుంది?"

నర్సమ్మ లోపలికి వెళ్లి, బీరువాలోంచి తన పాత స్టెతస్కోపు తెచ్చింది. చెవులకు తగిలించుకుని, "గ్యాసు వదులు," అంది.

గోడమీద బిళ్లను అంగుళం అంగుళం జరుపుతూ పోయింది. ఆవిడ చెప్పిన చోటల్లా ఎందుకయ్య సుద్దముక్కతో గీత గీశాడు.

"ఇక్కడ సన్నగా సుయ్‌మంటోంది. ఇక్కడా అంతే. ఆగాగు, కిందికి దిగింది! ఇదిగో ఇక్కడ గురగుర. అచ్చం కఫం పట్టిన రొమ్ములా ఉంది."

గీత పూర్తయ్యాక ముగ్గురూ వెనక్కి జరిగి చూశారు. పైన తిన్నగా వస్తున్న గొట్టం ఉన్నట్టుండి నడుము ఎత్తుకు దిగి, బారెడు అడ్డంగా పోయి, మళ్లీ పైకెక్కింది.

"వేసినవాడు తాగి వేసుంటాడు," అన్నాడు అల్లుడు.

"తాగిన చేతికి ఇంత చక్కటి వంపులు రావు సార్. దేన్నో తప్పించుకుని వెళ్లాడు. దేన్ని?"

గీతకు పైభాగంలో అతను వేళ్లతో కొట్టి చూశాడు. డొల్ల మోత మోగింది.

నర్సమ్మ కొత్త రంగు వంక చూసింది. సుద్దగీత వంక చూసింది. "పగలగొట్టు," అంది.

"అత్తయ్యా! రంగులు వేయించి నెల కాలేదన్నారు!"

"మళ్లీ వేయించుకుంటాను బాబూ. అదేంటో తెలియకపోతే నాకు అన్నం సయించదు."

నాలుగు దెబ్బలు పడేసరికి అల్లుడు కూడా లేచాడు. "ఇలా ఇవ్వు, నువ్వు మరీ సుతారంగా కొడుతున్నావు," అని సుత్తి లాక్కున్నాడు. పెచ్చులు రాలాయి, ఒంటి వరస ఇటుకలు కూలాయి, వెనక చెక్క రెక్కల కిటికీ బయటపడింది. తుప్పు పట్టిన గడియ లాగి అల్లుడు రెక్కలు తోశాడు.

టకటకమని కుట్టుమిషను చప్పుడు గదిలోకి వచ్చింది. మూరెడు దూరంలో పక్కింటి గోడ, అందులో ఎదురుగా ఇంకో కిటికీ. మెడలో టేపు వేసుకున్న ఒక ముసలాయన మిషను ఆపి తలెత్తాడు.

"తీశారన్నమాట," అన్నాడు.

"మీరెవరండీ?" అంది నర్సమ్మ, దుమ్ము దులుపుకుంటూ.

"టైలర్నమ్మా. మా గుమ్మం అవతల వీధిలో ఉంది, అందుకే మీరు చూసుండరు."

"ఈ కిటికీ ఎందుకు మూశారో మీకు తెలుసా?"

"తెలుసు, నా మూలంగానే. మీకు ముందున్నాయన నా మిషను చప్పుడు భరించలేక ఒకరోజు ఇటుకలు పేర్పించేశాడు. పొద్దున లేచేసరికి ఎదురుగా గోడ! 'కాసేపు ఆపవయ్యా' అని ఒక్క మాట అనుంటే ఆపేవాణ్ణి. నేనూ వెళ్లి అడగలేదు. మొహమాటం."

ఎందుకయ్య కిటికీ కింది గొట్టాన్ని కోసి తీశాడు. ఆ పల్లంలోంచి ముద్దలు ముద్దలుగా నల్లటి బురద జారింది. కిటికీ పైనుంచి కొత్త రాగి ముక్క తిన్నగా వేసి అతికించాడు. మళ్లీ రెండుసార్లు కడిగాడు. ఈసారి పోసిందంతా వచ్చింది, మంచినీళ్లలా. అల్లుడే సీసా పట్టుకుని కొలత చూశాడు. తడి ఆరేదాకా గ్యాసు వదిలి, పంపుతో లోపలి గాలంతా లాగేసి, సాయంత్రం నాలుగింటికి కొత్త మెషీన్ ఆన్ చేశాడు. చల్లటి గాలి కొట్టింది.

"కిటికీ మళ్లీ మూయించాలా అత్తయ్యా?" అన్నాడు అల్లుడు.

"ఎందుకయ్యా?" అంది ఆవిడ.

మెకానిక్కూ అల్లుడూ ఇద్దరూ ఒకేసారి తిరిగి చూశారు. ఆవిడ పకపకా నవ్వేసింది.

"ఎండ పడుతుందమ్మా, కర్టెను కుట్టిపెడతాను. కొలత చెప్పండి," అన్నాడు టైలరు అవతలి నుంచి. మెడలో టేపు తీసి, చెయ్యి చాచి ఒక కొస అందించాడు. నర్సమ్మ కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని, ఆ కొస పట్టుకుంది.

"అది సరేగానీ, ముందున్నాయన ఎలాంటి మనిషండీ?" అని అడిగింది.