పదకొండు చీటీలు

కేరళలో వేంబనాడు సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఆయుర్వేద విడిదిలో పద్మినీ వారస్యార్ ఎనిమిదేళ్లుగా వైద్యం చేస్తోంది. మోకాలికి కాదు, ఆ మోకాలు మోసే మనిషికి వైద్యం చెయ్యాలని తండ్రి దగ్గర నేర్చుకుంది. అందుకే వచ్చిన ప్రతి అతిథినీ నిద్ర గురించీ, ఆకలి గురించీ, మనసులో పెట్టుకున్న కోపాల గురించీ తీరిగ్గా అడిగేది.

ఆ రోజు ఎదురుగా కూర్చున్నది మాత్రం ఓమన. అతిథులకి తైలమర్దనా చేసే మనిషి. భుజాలు పట్టేసి చేతులు పైకి లేవడం లేదు.

"నిద్ర పడుతోందా?"

"పడితే రెండు గంటలే అక్కా."

"మధ్యాహ్నం అన్నం ఎన్నింటికి?"

ఓమన నవ్వింది. "మధ్యాహ్నమెక్కడిది? నాలుగింటికి, నిలబడే. తెచ్చుకున్న చేపల పులుసు అప్పటికి చల్లారిపోతుంది."

పద్మిని నాడి చూసి చీటీ రాసింది. పన్నెండున్నరకి కూర్చుని వేడన్నం తినాలి. రోజుకి నలుగురికి మించి మర్దనా చెయ్యకూడదు. పది రోజులు సెలవు. అన్నిటికీ అడుగున కషాయం పేరు.

మేనేజరు కురువిళ అది చదివాడు. "ఇందులో మందేది మేడమ్?"

"అంతా మందే. కషాయం నంజుకోడానికి."

"సెలవులూ భోజనాలూ నా పని. మీరు కషాయం ఇచ్చి రేపు పనిలోకి పంపండి."

"శరీరం, మనసు, బతుకు, మూడూ సమంగా ఉంటేనే ఆరోగ్యమని గోడ మీద రాయించారు కదా సర్. ఓమనకి అవేవీ లేవా?"

"ఊరికే కోప్పడకండి, పిత్తం పెరుగుతుంది."

"పెరగనివ్వండి."

బయటికొచ్చాక కూడా ఆమె ఒళ్లు మండుతూనే ఉంది. అందులో సగం తన మీదే. ఇన్నేళ్లూ పక్క గదిలో వేళకి వేడన్నం తింటూ, గోడ అవతల వాళ్లని ఒక్కసారీ అడగలేదు.

ఆ సాయంత్రమే మర్దనా చేసే మిగతా పదిమందినీ ఒక్కొక్కరినే పిలిచి అవే ప్రశ్నలు అడిగింది. ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్లకి చీటీ రాసింది. మొదటి వాక్యం మాత్రం అందరికీ ఒకటే.

మర్నాడు పన్నెండున్నరకి పదకొండు మందీ చేతులు కడుక్కుని వంటింటి వరండాలో కూర్చున్నారు. లోపల బల్లల మీద అతిథులు ఒంటినిండా నూనెతో ఎదురుచూస్తున్నారు. కురువిళ పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరు పని వదిలి రమ్మన్నారు మిమ్మల్ని?"

ఓమన ముద్ద తీరిగ్గా నమిలి మింగింది. "డాక్టరమ్మ రాశారు సర్. ఈ వైద్యం మంచిదని అతిథులకి మీరే చెబుతారుగా."

తువ్వాలు చుట్టుకున్న ఒక ముసలాయన తలుపులోంచి తొంగిచూసి సంగతి విన్నాడు. "ఇన్నాళ్లూ పస్తుండి నా నడుం తోమారా వీళ్లు?" అని కురువిళనే నిలదీశాడు.

ఆ వారంలోనే భోజనానికి గంట విరామం వచ్చింది. ఓమనకి జీతం లేని సెలవు ఇచ్చారు. నలుగురికి మించొద్దన్న మాట ఎవరూ పట్టించుకోలేదు. నెల తిరక్కుండానే, ఇక రానక్కర్లేదని పద్మినికి ఉత్తరం అందింది.

ఆమె పడవల రేవు దగ్గర వైద్యం చెయ్యడానికి ఒక గది అద్దెకు తీసుకుంది. కోపం మాత్రం తగ్గలేదు. తగ్గించుకోవాలనీ అనిపించలేదు.