సెగ నిలిపిన రోజులు

రొట్టెల బట్టీలు కట్టే మేస్త్రమ్మ తన బట్టీలోకి తానే దూరలేకపోవడం కన్నా నగుబాటు ఇంకోటి ఉంటుందా? ఉండదనే ఆమె నమ్మకం. చిన్నప్పుడు ఆమెకు నాన్న పెట్టిన పేరు ఉడుత. బట్టీ నోరు ఎంత ఇరుకైనా తల వంచి, ఒక భుజం వాల్చి, చిటికెలో లోపల ఉండేది. లోపలి కప్పు పనంతా నాన్న ఆమె చేతే చేయించేవాడు. ఆ తర్వాత పెళ్ళి, పిల్లలు, నాన్న పోయాక ఒంటితో చేసే పని తగ్గి అజమాయిషీ పెరగడం, వెళ్ళిన ప్రతి బేకరీలో "రుచి చూడండి మేస్త్రమ్మా" అంటూ చేతిలో పెట్టే వేడి రొట్టె, వీటన్నిటితో ఆమె ఒళ్ళు చేసింది. ఉడుత అనే పిలుపు దానంతటదే ఆగిపోయింది. ఇప్పుడలా పిలిస్తే వెక్కిరింపు అవుతుందని అందరికీ తెలుసు. తెలిసి, పాపం, జాగ్రత్తగా ఊరుకున్నారు. ఆ జాగ్రత్తే ఆమెకు ఎక్కువ గుచ్చుకునేది.

లోపలికి వెళ్ళే పని ఇప్పుడు తమ్ముడిది. మనిషి సన్నగా ఊచలా ఉంటాడు కాబట్టి ఇంటా బయటా అతని పేరు ఊచే. గోడలు నిట్టనిలువుగా లేపుతాడు, కాదనడానికి లేదు. కానీ కప్పు దగ్గరికొచ్చేసరికి అతని చేయి తిరగదు. అక్క బయట బోర్లా పడుకుని, బట్టీ నోట్లో తల పెట్టి అరుస్తుంది, తమ్ముడు లోపలినుంచి "ఆ, ఆ" అంటాడు, ఇటుక మాత్రం తనకు నచ్చినట్టే కూర్చుంటుంది.

ఇలా రోజులు గడుస్తుండగా, వానాకాలం మొదట్లో వీధి చివరి బేకరీ నుంచి కబురొచ్చింది. అది నాన్న కట్టిన మొదటి బట్టీ. వెనకవైపు కప్పులో ఇటుకలు కిందికి జారుతున్నాయి. బేకరీ నడిపే పెద్దావిడ మాట తూచినట్టు మాట్లాడుతుంది.

"చలి పోయేలోగా బాగుచేస్తే సరే. లేదంటే దీన్ని పడగొట్టించి కరెంటు బట్టీ పెట్టిస్తాను. రొట్టెల మీద ఇటుక పడితే తినేవాళ్ళకి నేనేం చెప్పుకోవాలమ్మా?"

ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? జారిన కప్పుని కిందినుంచి ఒక్కో ఇటుక విప్పి మళ్ళీ బిగించే పనితనం నాన్న తర్వాత ఆమెకొక్కదానికే ఉంది. ఆమెకేమో లోపలికి దారి లేదు. "చలి పోయేలోగా నేనే లోపలికెళ్ళి చేస్తా" అని అక్కడికక్కడే మాటిచ్చేసి ఇంటికొచ్చింది.

ఒళ్ళు తగ్గించడం ఆమెకు కొత్త కాదు. ఇదివరకు నాలుగైదు సార్లు తగ్గింది కూడా. ప్రతిసారీ పళ్ళు బిగించి, గాలి తిని నీళ్ళు తాగినట్టు నెలల తరబడి లాగింది. ప్రతిసారీ ఏదో ఒక సాయంత్రం, ఎవరో ఏదో అన్నారనో, అసలు కారణమే లేకుండానో, రొట్టె మీద రొట్టె తినేసింది. ఆ తర్వాత "ఎలాగూ పోయింది" అనుకుంది. పోయిన బరువు వడ్డీతో సహా తిరిగొచ్చింది.

ఈసారి ఆసుపత్రిలో తిండి సలహాలు చెప్పే అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. ఆ అమ్మాయి ఏం తినాలో, ఎంత తినాలో చెప్పి, చివర్లో మెలిక పెట్టింది.

"మధ్యమధ్యలో ఆగాలండీ. కొన్ని వారాలు తగ్గాక, ఓ రెండు వారాలు తగ్గడం ఆపేయాలి. అప్పుడు ఒంటికి సరిపడా తినండి. పెరగకూడదు, తగ్గకూడదు. మళ్ళీ మొదలుపెట్టే రోజు కూడా ముందే అనుకోవాలి."

"అంటే పండగ చేసుకోమనా?"

"పండగ కాదండీ. మజిలీ అనుకోండి. దూరం వెళ్ళేవాళ్ళు మధ్యలో దిగి నడుం వాల్చరూ?"

మేస్త్రమ్మకు నవ్వొచ్చింది. ఇది ఆమె రోజూ చేసే పనే. కొత్త బట్టీ కట్టాక మంట ఒక్కసారి పెంచరు. మట్టిలో, ఇటుకలో చెమ్మ దాక్కుని ఉంటుంది. చిన్న మంట పెట్టి, సెగ ఒక మోతాదుకు రాగానే అక్కడే నిలపాలి. చెమ్మ నెమ్మదిగా బయటికి పోయాక కొంచెం పెంచాలి, మళ్ళీ నిలపాలి. తొందరపడితే బట్టీ ఫెళ్ళున పగులుతుంది. మంట పెంచడం ఎవడికైనా వచ్చు, నిలపడం వచ్చినవాడే మేస్త్రి అనేవాడు నాన్న. ఇన్నాళ్ళూ బట్టీల విషయంలో పాటించిన మాట ఒంటి విషయంలో ఎందుకు తట్టలేదా అని ఆమెకు ఒకటే ఆశ్చర్యం.

బరువు తూచే యంత్రం ఆమె కొనలేదు. ఆ బేకరీ బట్టీ నోటి కొలతకు చెక్క చట్రం ఒకటి చేసి పెరటి గోడకు బిగించింది. మొదట్లో అందులో తల, ఒక చెయ్యి పట్టేవి. మొదటి విడత అయ్యేసరికి భుజాలు దాటాయి. అప్పుడు చెప్పిన ప్రకారం మజిలీ. ఆ రెండు వారాలూ ఆమె వెన్న రాసిన రొట్టె, గుడ్లు, బంగాళాదుంపల కూర కడుపుకు సరిపడా తిని, హాయిగా నిద్రపోయింది. మజిలీ అయిన మర్నాడు చట్రంలో దూరి చూస్తే భుజాలు దాటినవి దాటినట్టే ఉన్నాయి. మళ్ళీ తగ్గించడం మొదలుపెట్టింది. అలా ఆగుతూ సాగుతూ నడుం కూడా దాటింది. ఊపిరి బిగబడితే తుంటి కూడా రాసుకుంటూ దాటుతోంది. అద్దంలో చూసుకుని తనకు తానే "భేష్" అనుకుంది. అనుకోదా మరి?

చిక్కల్లా చివర్లో వచ్చింది. లెక్క ప్రకారం రావాల్సిన మజిలీ సరిగ్గా బేకరీ పనికి ఒప్పుకున్న రోజుకు ముందు వారాల్లో పడింది.

"ఈసారికి మానెయ్ అక్కా," అన్నాడు ఊచ. "ఇంకో రెండు వారాలు కడుపు కట్టుకుంటే సునాయాసంగా దూరిపోతావు. ఒడ్డుకొచ్చాక మునుగుతావా ఏంటి?"

ఆమెకూ భయం లేకపోలేదు. నాన్న బట్టీ ఉండడమో కూలడమో తేలే పని. మానేద్దామనే అనుకుంది. కానీ ఆ మధ్యాహ్నం ఒక పొగగొట్టం పనిలో ఇటుక తలపైకి ఎత్తి పట్టుకుంటే చేతులు వణికాయి. మట్టి జారి ముఖాన పడింది. మునుపటి మజిలీ తర్వాత ఇలాంటి ఇటుకే పువ్వులా లేచింది. దూరడం ఒక ఎత్తు, దూరాక పూట పొడుగునా చేతులెత్తి పని చేయడం ఇంకో ఎత్తు. ఆ రాత్రి భోజనంలో వెన్న గిన్నె తన వైపు లాక్కుంది.

ఊచ అది చూశాడు. మర్నాడూ చూశాడు. అక్క ఇదివరకు ఎలా చతికిలపడిందో కళ్ళారా చూసినవాడు. భయం ఒకవైపు, అక్క పదిమందిలో బట్టీ నోట్లో ఇరుక్కుంటే పరువేం కావాలన్న ప్రేమ ఒకవైపు. ఆ ప్రేమలో బుద్ధి గడ్డి తిని, నేరుగా పెద్దావిడ దగ్గరికి వెళ్ళి "మా అక్క వల్ల కాదండీ, మీ ఏర్పాటు మీరు చూసుకోండి" అని చెప్పి వచ్చాడు.

ఈ సంగతి మేస్త్రమ్మకు ఎలా తెలిసిందంటే, పని సామాను దింపడానికి బేకరీకి వెళితే అక్కడ కరెంటు బట్టీల కంపెనీ మనిషి టేపుతో గోడ కొలుస్తున్నాడు.

"మీ తమ్ముడే చెప్పాడమ్మా," అంది పెద్దావిడ, ఇబ్బందిగా.

మేస్త్రమ్మ ముఖం ఎర్రబడింది. సామాను సంచి అక్కడే నేల మీద దింపింది.

"మాటిచ్చింది నేనండీ. చేతకాదని చెబితే నేనే చెప్పాలి. చెప్పానా? నేనన్న రోజు నాకివ్వండి."

పెద్దావిడ ఆమెను కిందినుంచి పైదాకా చూసి, "రోజు నీదే. ఇంకోటి మాత్రం అడగొద్దు" అంది. టేపు మనిషి టేపు చుట్టుకున్నాడు.

ఇంటికెళ్ళాక ఊచకు పడిన చీవాట్లు పక్కింటివాళ్ళకు కూడా సరిపోయాయి. "నేను తింటున్నది ఆగలేక కాదురా, ఆగడం కోసం! సెగ నిలిపితే మంట ఆరిపోయినట్టా? ఇన్నేళ్ళు నా దగ్గర ఏం నేర్చుకున్నావురా?" అంది. వాడు నేల చూపులు చూశాడు. ఆమె మాత్రం మజిలీ మానలేదు, కోపంలో ఒక ముద్ద ఎక్కువా తినలేదు. ఆ రెండోదే ఎక్కువ కష్టమైంది.

ఆ రోజు రానే వచ్చింది. బట్టీ చల్లబరిచి ఉంచారు. పెద్దావిడ, రొట్టెలు చేసే పనివాళ్ళు, సామాను వేన్ తోలే మేస్త్రమ్మ భర్త, అందరూ గోడవారగా నిలబడ్డారు. మేస్త్రమ్మ జుట్టుకు గుడ్డ కట్టుకుంది. తల వంచింది, ఒక భుజం వాల్చింది. భుజాలు వెళ్ళాయి. నడుం వెళ్ళింది. తుంటి దగ్గర ఆగింది. లోపలినుంచి ఆమె ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది, బూట్లు రెండూ ఒకసారి తన్నుకున్నాయి, ఆ తర్వాత బట్టీ నోట్లో ఎవరూ లేరు.

లోపల దీపం వెలుగులో నాన్న కప్పు కనిపించింది. పొగచూరి నల్లగా ఉన్నా వంపు అదే వంపు. కింద చెక్క దన్ను పెట్టి, జారిన ఇటుకలు ఒక్కొక్కటే విప్పింది. వెల్లకిలా పడుకుని, చేతులు పైకెత్తి, మట్టి మెత్తి, ఇటుక తోసి, పిడికిలితో తట్టి బిగిస్తూ పోయింది. చేతులు వణకలేదు. ఆమె అది గమనించింది, గమనించి పొంగిపోయింది. ఇది నా ఒళ్ళు, దీన్ని ఈ పనికి నేనే తయారుచేసుకున్నాను అనుకుంది.

బయట ఊచ మోకాళ్ళ మీద కూర్చుని ఇటుకలు అందిస్తున్నాడు. ఆమె ఎప్పుడూ ఉండే చోట ఇప్పుడు అతనున్నాడు. ఒక్క సలహా ఇస్తే ఒట్టు. చివరి ఇటుక, మొత్తం కప్పుని బిగించే ఆ ఒక్క ఇటుక మిగిలింది. అతను దాన్ని తడిపి పట్టుకుని, బట్టీ నోట్లో తల పెట్టి, చిన్నప్పటి అలవాటేదో నాలుక మీదికి వచ్చినట్టు పిలిచాడు.

"ఉడుతక్కా, ఇదిగో!"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. వెనక ఎవరో చిన్నగా దగ్గారు. లోపలినుంచి మట్టి అంటిన చెయ్యి ముందుకు వచ్చింది.

"ఇటివ్వరా," అంది ఆమె. "ఇంకోసారి పిలిచి ఇవ్వు."